ఊరు లేని సీటు

1946లో బెంగాల్ శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు కొన్ని సీట్లకు ఊరు లేదు, తాలూకా లేదు, పొలిమేర అసలే లేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఓటర్లను ముక్కలు ముక్కలుగా కోసి పెట్టింది. ముస్లింలకు కొన్ని సీట్లు, జమీందార్లకు కొన్ని, యూరోపియన్లకు, వర్తక సంఘాలకు, విశ్వవిద్యాలయాలకు కొన్ని. 250 మంది సభలో కార్మికుల వాటా 8 సీట్లు. అందులో ఒకటి రైల్వే కార్మికులది. ఆ సీటుకు ఓటరు కావాలంటే ఎక్కడ ఉంటున్నారన్న ప్రశ్న లేదు. రిజిస్టరైన యూనియన్‌లో సభ్యత్వం ఉండాలి, అంతే. పాయింట్స్‌మన్ ఒక జిల్లాలో, ఫైర్‌మన్ ఇంకో జిల్లాలో, వర్క్‌షాప్ ఫిట్టర్ మరో జిల్లాలో. అందరికీ ఒకే ఎమ్మెల్యే. ఆ నియోజకవర్గానికి రైలు పట్టాలే హద్దులు.

ఆ సీటుకు కాంగ్రెస్ పక్షాన నిలబడినవారు హుమాయూన్ కబీర్. కవి, విద్యావేత్త, తర్వాతి కాలంలో కేంద్ర మంత్రి. మౌలానా ఆజాద్ ఆత్మకథను ఇంగ్లిష్‌లో రాసిపెట్టింది కూడా ఆయనే. అంతటి పేరున్న మనిషిని ఓడించి, బెంగాల్ అస్సాం రైల్వే కార్మికుల సంఘం కార్యదర్శి ఒకరు సభలోకి వచ్చారు. వయసు 31. పేరు జ్యోతిబసు.

తెలుగు పాఠకులకు ఆయన 23 ఏళ్లు ముఖ్యమంత్రిగా చేసిన మనిషిగా తెలుసు. ప్రధాని కాబోయి కాలేకపోయిన మనిషిగా తెలుసు. అంతకుముందు 1946 నుంచి 1967 వరకు, జైళ్లూ అజ్ఞాతవాసమూ పోగా మిగిలిన కాలమంతా, ఆయన కూర్చున్నది ప్రతిపక్షపు బెంచీల మీద. ఆ 21 ఏళ్లు అర్థమైతేనే తర్వాతి 23 ఏళ్లలో మంచీ చెడూ అర్థమవుతాయని నా నమ్మకం. ఆ 21 ఏళ్లకు మూలం రైల్వే యూనియన్ ఆఫీసులో ఉంది. యూనియన్ పనిలో అబ్బిన అలవాట్లనే ఆయన శాసనసభలోకి మోసుకెళ్లారు. వాటిని పాటించినప్పుడు గెలిచారు. అవి తప్పిన చోట్ల, ఆయనైనా ఆయన పార్టీ అయినా, దెబ్బతిన్నారు.

పుట్టుక చూస్తే కార్మికుల దరిదాపుల్లో ఉండే కుటుంబం కాదు. తండ్రి నిశికాంత బసు కలకత్తాలో డాక్టరు. స్వగ్రామం ఢాకా జిల్లాలోని బారుది. జ్యోతిబసు 1914 జులై 8న కలకత్తాలో పుట్టి, సెయింట్ జేవియర్స్‌లో చదివి, ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంగ్లిష్ ఆనర్స్ పూర్తిచేసి, 1935లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్లారు. యూరప్‌లో ఫాసిజం పెరుగుతున్న రోజులవి. అక్కడి భారతీయ విద్యార్థుల్లో భూపేశ్ గుప్తా, ఇంద్రజిత్ గుప్తా, మోహన్ కుమారమంగళం వంటివాళ్లు కమ్యూనిస్టు రాజకీయాల వైపు తిరుగుతున్నారు. బసు కూడా అటే నడిచారు. లండన్ మజ్లిస్ అనే విద్యార్థి సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1940 జనవరి 1న తిరిగొచ్చారు. హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు గానీ ప్రాక్టీసు పెట్టలేదు. అప్పుడు కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అజ్ఞాతంలో ఉన్న నాయకులకు కబుర్లు చేరవేయడం, వాళ్లకు తలదాచుకునే చోట్లు చూడటం ఆయన తొలి పని. కొడుకు పెద్ద లాయరవుతాడని ఎదురుచూసిన ఇంట్లో అది ఎంత కష్టపెట్టి ఉంటుందో వేరే చెప్పాలా!

యూనియన్ పని మొదట రేవు కూలీల మధ్య మొదలైంది. అక్కడ పెద్దగా సాగలేదు. 1944లో రైల్వేకి మారారు. ఇక్కడ ఒక సందేహం రావచ్చు: రైల్లో ఒక్కరోజు ఉద్యోగం చేయని బారిస్టరు రైల్వే యూనియన్‌ను ఎలా నడుపుతాడు? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం అందుకు దారి ఉంచింది. అప్పటి నియమం ప్రకారం కార్యవర్గంలో కనీసం సగంమంది ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లయి ఉండాలి. మిగతా సగం బయటివాళ్లు కావచ్చు. లోపలి మనిషి నోరెత్తితే ఉద్యోగం పోతుంది. బయటి మనిషిని యాజమాన్యం పనిలోంచి తీసేయలేదు. మన వి.వి.గిరి కూడా అలా వచ్చినవారే. డబ్లిన్‌లో లా చదివి, బరంపురం తిరిగొచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. ఆ రైల్వేకి గుండెకాయ ఖరగ్‌పూర్. అక్కడి వర్క్‌షాప్‌లో పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. బసు పనిచేసింది వేరే లైన్లో, ఉత్తరాన, తూర్పున. తూర్పు బెంగాల్ రైల్వేను, అస్సాం బెంగాల్ రైల్వేను కలిపి యుద్ధకాలంలో, 1942లో, ఏర్పాటుచేసిన బెంగాల్ అస్సాం రైల్వే అది.

యూనియన్ కార్యదర్శి అనగానే మైకు పట్టుకుని గొంతు చించుకునే మనిషి గుర్తొస్తాడు. పని చూస్తే అందులో ఉపన్యాసం వాటా చాలా తక్కువ. గ్యాంగ్‌మన్‌కు సెలవు ఎందుకు కోశారు, ఫలానా ఫైర్‌మన్‌ను ఏ రూలు కింద సస్పెండ్ చేశారు, కరువు భత్యం లెక్క ఎక్కడ తప్పింది, రైల్వే గ్రెయిన్ షాపులో బియ్యంలో రాళ్లెందుకున్నాయి: రోజూ ఇవే. ఒక్కొక్క ఫిర్యాదుకు ఒక్కొక్క కాగితం. అధికారి రూలు పుస్తకం తెరిస్తే, అందులోనే తర్వాతి పేజీ చూపించగలగాలి. మూడో తరగతి పెట్టెలో రాత్రంతా ప్రయాణం చేసి లోకో షెడ్ దగ్గర దిగి, డ్యూటీ దిగేవాళ్లతోనూ ఎక్కేవాళ్లతోనూ మాట్లాడాలి. చర్చలకు వెళ్లేముందు ఏం అడగాలో సభ్యులే చెప్పాలి. తిరిగొచ్చాక ఎంత వచ్చిందో ఎంత రాలేదో సభ్యులకు చెప్పుకోవాలి. పదికి నాలుగు వచ్చినా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన రోజులుంటాయి. ఆ సంతకం ఎందుకు పెట్టానో కోపంగా ఉన్న మనుషుల ముందు నిలబడి చెప్పుకోవాల్సిన రోజులూ ఉంటాయి.

ఇలాంటి పనికి బసు స్వభావం సరిపోయింది. ఆయన మహావక్త కాదు. బెంగాలీలో ఆయన వాక్యాలు సగంలో ఆగిపోయేవని బెంగాలీలే చెప్పుకుంటారు. మాటల్లో అలంకారం ఉండేది కాదు, ముఖంలో నవ్వు తక్కువ. విషయం మాత్రం చేతిలో ఉండేది.

సభలో అడుగుపెట్టేసరికి కమ్యూనిస్టులు ముగ్గురు. బసు, డార్జిలింగ్ నుంచి రతన్‌లాల్ బ్రాహ్మణ్, దినాజ్‌పూర్ నుంచి రూప్‌నారాయణ్ రాయ్. బయట దేశం భగ్గుమంటోంది. 1943 కరువు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ కరువులో బెంగాల్‌లో దాదాపు 30 లక్షల మంది పోయారని అంచనా. 1946 జులై 29న తపాలా ఉద్యోగుల సమ్మెకు మద్దతుగా కలకత్తా మొత్తం స్తంభించింది. హిందువులు, ముస్లింలు కలిసి పని ఆపారు. సరిగ్గా 18 రోజులకు, ఆగస్టు 16న, అదే వీధుల్లో మతం పేరిట మారణకాండ మొదలైంది. బెంగాల్ కార్మికోద్యమ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ రెండు తేదీల మధ్యే మనసు ఆగిపోతుంది. కార్మికులుగా ఒక్కటైనవాళ్లు మూడు వారాలు తిరగకుండా ఎలా విడిపోయారు? సంఘం ఇచ్చిన ఐక్యత ఎంత నిజమో అంత పలచన కూడా. ఆ సంగతిని బసు తరం కళ్లారా చూసింది.

ఏడాది తర్వాత దేశ విభజన ఆ రైల్వేనే కోసేసింది. లాల్‌మొనిర్‌హాట్, సైద్‌పూర్ వర్క్‌షాప్ పాకిస్తాన్ వైపు పోయాయి. కాంచ్రాపారా వర్క్‌షాప్ ఇటువైపు మిగిలింది. ఏ దేశానికి వెళ్లాలో ఉద్యోగులు కాగితం మీద రాసివ్వాల్సి వచ్చింది. పట్టాలు తెగాక ఇక నియోజకవర్గం మాత్రం ఎక్కడుంటుంది?

తర్వాత వచ్చిన నాలుగేళ్లు చీకటి కాలం. 1948 మార్చిలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. పార్టీ కూడా అప్పుడు తిరుగుబాటు బాటలో ఉంది, దేశంలో విప్లవం గుమ్మంలోకి వచ్చేసిందనే లెక్కలో ఉంది. బసు అరెస్టయ్యారు, విడుదలయ్యారు, అజ్ఞాతంలోకి వెళ్లారు, మళ్లీ జైలు చూశారు. ఈ కాలంలో జరిగిన ఒక సంఘటన మీద కాస్త ఆగాలి. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కు అప్పుడు అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణ్. 1949 మార్చి 9న దేశమంతా సమ్మె అనుకున్నారు. తర్వాత ఫెడరేషన్ వెనక్కు తగ్గింది. కమ్యూనిస్టు పార్టీ మాత్రం సమ్మె జరగాల్సిందేనంది. ఆ రోజు వచ్చింది. రైళ్లు నడిచాయి. వేలమంది అరెస్టయ్యారు, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, ఏళ్లతరబడి కట్టుకున్న యూనియన్లు చెదిరిపోయాయి.

ఎందుకు విఫలమైంది? అణచివేత ఒక కారణం, సందేహం లేదు. అసలు కారణం వేరే ఉంది. ఆ పిలుపు షెడ్డుల్లోంచి పైకి రాలేదు, పైనుంచి షెడ్డుల్లోకి దిగింది. గ్యాంగ్‌మన్‌ను అడగకుండా గ్యాంగ్‌మన్ పేరుమీద పెట్టిన సమ్మె అది. యూనియన్ పనిలో మొదటి పాఠం, సభ్యుడిని అడిగి కదలడం. పార్టీ దాన్నే మరిచింది. దాని ఖరీదు చెల్లించినవాళ్లలో పేర్లు తెలియని మనుషులే ఎక్కువ. తర్వాతి బసు రాజకీయంలో ఒక జాగ్రత్త కనిపిస్తుంది, జనం ఎంతవరకు వస్తారో చూసుకుని అడుగేసే జాగ్రత్త. ఆయన సొంత శిబిరంలోనే కొందరు దాన్ని మెతకదనం అన్నారు. 1949ను దగ్గరగా చూసినవారికి అది మెతకదనంగా కనిపించదు.

1952 నాటికి వయోజన ఓటింగు వచ్చింది. ఊరు లేని సీటు పోయి బరానగర్ వచ్చింది. కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న పారిశ్రామిక ప్రాంతం. ఆ నది పొడుగునా జూట్ మిల్లులు. ఆ మిల్లుల కూలిలైన్లలో బిహారీలు, ఒడియాలతోపాటు శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లు కూడా పెద్దసంఖ్యలో ఉండేవాళ్లు. బరానగర్‌లో బసు కాంగ్రెస్ మంత్రి హరేంద్రనాథ్ చౌధురిని ఓడించారు. 238 మంది సభలో కమ్యూనిస్టులు 28. ప్రతిపక్షంలో పెద్ద పార్టీ అదే. 1957లో 252లో 46కు పెరిగింది. అప్పటినుంచి 1967 వరకు ఆయన ప్రతిపక్ష నాయకుడు.

ఇవాళ ప్రతిపక్ష నాయకుడంటే కేబినెట్ హోదా, కారు, ఆఫీసు గుర్తొస్తాయి. పార్లమెంటులో ఆ పదవికి జీతభత్యాలిచ్చే చట్టమే 1977లో వచ్చింది. లోక్‌సభలో గుర్తింపు పొందిన తొలి ప్రతిపక్ష నాయకుడు 1969లో గానీ రాలేదు. అంతకుముందు ఏ ప్రతిపక్ష పార్టీకీ సభలో పదోవంతు బలం లేదు. అంటే ఢిల్లీలో ఆ కుర్చీ ఖాళీగా ఉన్న కాలంలోనే కలకత్తాలో ఒకరు దాన్ని పనిముట్టుగా వాడుకున్నారు. ఎదుట ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్. వయసులో తండ్రిలాంటివారు, వృత్తిరీత్యా దేశం మెచ్చిన వైద్యుడు, పదవిలో ఉండి కూడా రోజూ పొద్దున రోగులను ఉచితంగా చూసిన మనిషి. సభలో ఇద్దరూ ఢీ అంటే ఢీ. బయట, ఎవరి సమస్య మీదనైనా బసు వెళ్తే రాయ్ వినేవారు. యాజమాన్యంతో పోట్లాడుతూనే దాని గది తలుపు మూసుకుపోకుండా చూసుకోవడం యూనియన్ మనిషికి కొత్త కాదు.

ఆ కాలంలో జరిగిన పోరాటాల్లో నాకు చాలా ముఖ్యమనిపించేది అన్నిటికన్నా చిన్నదిగా కనిపించేది, ట్రామ్ చార్జీల గొడవ. 1953 జులై 1 నుంచి కలకత్తా ట్రామ్ కంపెనీ రెండో తరగతి టిక్కెట్టు మీద ఒక పైసా పెంచింది. ఆ పైసా అంటే రూపాయిలో 64వ వంతు. మన పెద్దలు కానీ అనేవారు దాన్ని. ఒక కానీ కోసం నగరం నెలరోజులు అట్టుడికింది. ఎందుకంటే రెండో తరగతిలో ఎక్కేది గుమాస్తాలు, కూలీలు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిపడిన శరణార్థులు. రోజుకు రెండుసార్లు ఎక్కాలి, నెలంతా ఎక్కాలి. పైగా కంపెనీ లండన్‌ది. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లయినా జేబులోంచి పైసా తీస్తున్నది లండన్ కంపెనీయే.

ఉద్యమం నడిచిన తీరు చూడండి. వామపక్షాలు, సోషలిస్టులు కలిసి ఒక ప్రతిఘటన కమిటీ పెట్టుకున్నారు. బసు అందులో ఒకరు. పిలుపు చాలా చిన్నది: పాత చార్జీ ఇవ్వండి, పెంచిన పైసా ఇవ్వకండి. ట్రామ్ ఎక్కిన ప్రతి మనిషికీ ఆ పూటకు అది చేయగలిగిన పని. పార్టీలో చేరనక్కర్లేదు, జెండా పట్టుకోనక్కర్లేదు, పైసా ఇవ్వకపోతే చాలు. ప్రభుత్వం 144వ సెక్షన్ పెట్టింది, అరెస్టులు చేసింది, లాఠీలు లేచాయి, ట్రామ్‌లు తగలబడ్డాయి. మైదాన్ దగ్గర పోలీసులు విలేకరులను కొట్టడంతో పత్రికలు కూడా తిరగబడ్డాయి. నెల ముగిసేసరికి పెంపు ఆగిపోయింది.

అడిగింది ఒక్కటే. అది గెలవగలిగినంత చిన్నది, ఇంటింటికీ తగిలేంత పెద్దది. దానికోసం పది పార్టీలు ఒక బల్ల చుట్టూ కూర్చోగలవు. రైల్వేలో డిమాండ్ల పత్రం ఎలా రాస్తారో, నగరం కోసం అలాగే రాశారు. ఈ కమిటీల అలవాటే 1967లో యునైటెడ్ ఫ్రంట్ అయింది, 1977లో లెఫ్ట్ ఫ్రంట్ అయింది. ఆ ఫ్రంట్లు ఎన్నికలకు ముందు హడావిడిగా కట్టిన పొత్తులని కొందరు అనుకుంటారు. వాటి పునాది రాళ్లు ట్రామ్ పట్టాల పక్కన పడ్డాయి.

ట్రామ్ గొడవ జరిగిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో హైస్కూలు టీచర్లు జీతాల కోసం రోడ్డెక్కారు. బసు మీద వారెంటు ఉంది. సభ ఆవరణలో సభ్యుడిని స్పీకర్ అనుమతి లేకుండా పట్టుకోకూడదు. ఆయన కొన్ని రోజులు శాసనసభ భవనంలోనే ఉండిపోయారు. అక్కడే నిద్ర, అక్కడే తిండి. పొద్దున సభ మొదలవగానే లేచి టీచర్ల సంగతి మాట్లాడటం. సభ గోడ ఇచ్చే రక్షణను సమ్మెలో ఉన్నవాళ్ల కోసం ఇంత సూటిగా వాడిన సందర్భం ఇంకొకటి నాకు తట్టదు.

1956లో మరో సంగతి. భాషాప్రయుక్త రాష్ట్రాల కోసం దేశమంతా ఊగుతున్న ఏడాది అది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ఏర్పడుతున్న ఏడాది. అప్పుడు రాయ్, బిహార్ ముఖ్యమంత్రి శ్రీకృష్ణ సిన్హా కలిసి రెండు రాష్ట్రాలనూ ఒకటి చేద్దామన్నారు. బెంగాల్ ఒప్పుకోలేదు. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా మరణంతో ఖాళీ అయిన కలకత్తా లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. ప్రతిపక్షాలన్నీ ఒకే అభ్యర్థిని, మోహిత్ మైత్రాను, నిలబెట్టి దాన్ని విలీనం మీద ప్రజాభిప్రాయ సేకరణగా మార్చాయి. మైత్రా గెలిచారు. రాయ్ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఓడినప్పుడు ఓడానని ఒప్పుకోవడం ఆ ముఖ్యమంత్రి గొప్పతనం కూడా.

1959 అలా ముగియలేదు. బియ్యం ధర చేతికందకుండా పోయింది. ఆగస్టు 31న పల్లెల నుంచి వేలాదిమంది మైదాన్‌కు వచ్చారు. గింజలు కావాలి, ఆహారమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ దిగిపోవాలి, ఇవీ కోరికలు. ఊరేగింపు మీద లాఠీలు విరిగాయి. ఆ రోజూ తర్వాతి రోజులూ కలిపి 80 మంది చనిపోయారని ఉద్యమకారుల లెక్క. వాళ్లలో ఎక్కువమంది 1943ను దాటి బతికినవాళ్లో, వాళ్ల పిల్లలో. ఒక్క తరంలో అదే ఆకలి రెండుసార్లు ఎదురైంది. బెంగాల్‌లో కాంగ్రెస్ కాళ్ల కింద నేల అప్పుడే కదలడం మొదలైంది.

1962 చైనా యుద్ధం బసును ఏడాదికి పైగా జైల్లో పెట్టించింది. 1963 డిసెంబరులో బయటికొచ్చారు. అప్పటికి పార్టీ నిలువునా చీలుతోంది. చీలికకు బాట వేసిన సమావేశం మన తెనాలిలో జరిగింది, 1964 జులైలో. ఆ శరదృతువులో కలకత్తా మహాసభతో మార్క్సిస్టు పార్టీ ఏర్పడింది. దాని తొలి ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య. తొమ్మిదిమంది తొలి పొలిట్‌బ్యూరోలో సుందరయ్య, మాకినేని బసవపున్నయ్యల పక్కన జ్యోతిబసు. సుందరయ్యది వ్యవసాయ కూలీల మధ్య పెరిగిన రాజకీయం, బసుది రైలు పట్టాల మీద పెరిగిన రాజకీయం. ఒకరి కాళ్లకు పొలం మట్టి, మరొకరి చేతులకు ఆఫీసు సిరా. పార్టీకి రెండూ అవసరమే అయ్యాయి.

1967లో కాంగ్రెస్ ఓడి యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చింది. అజయ్ ముఖర్జీ ముఖ్యమంత్రి, బసు ఉప ముఖ్యమంత్రి. 14 ఏళ్ల కిందట పైసా కోసం పోట్లాడిన ట్రామ్ కంపెనీ నిర్వహణను ఆ ప్రభుత్వం అదే ఏడాది తన చేతుల్లోకి తీసుకుంది. అదే ఏడాది ఘెరావ్ అనే మాట దేశమంతా పాకింది. మేనేజర్ గది చుట్టూ కార్మికులు కూర్చుంటారు, అడిగినది ఇచ్చేదాకా కదలనివ్వరు. కార్మిక వివాదాల్లో పోలీసులు తలదూర్చవద్దని కార్మిక మంత్రి సుబోధ్ బెనర్జీ ఆదేశించారు. కలకత్తా హైకోర్టు దాన్ని కొట్టేసింది. మా సంఘం ప్రభుత్వంలో ఉంటే మేం ఎవరితో బేరం ఆడాలి? అప్పుడు మొదలైన ఈ చిక్కు బెంగాల్ పరిశ్రమలను దశాబ్దాలపాటు వదల్లేదు. చర్చల బల్లకు రెండు వైపులా ఒకే మనిషి కూర్చోలేడు.

ఆ ప్రభుత్వం నిలవలేదు. తర్వాత వచ్చిన రెండో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో హోం శాఖ బసుది. 1969 జులై 31న ఒక పోలీసు హత్యకు ఆగ్రహించిన పోలీసులు శవంతో శాసనసభలోకి దూసుకొచ్చారు. కుర్చీలు బల్లలు విరగ్గొట్టి హోంమంత్రి గదిలోకి జొరబడ్డారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. సొంత శాఖ సిబ్బందే చంపేంత కోపంతో ఎదురుగా ఉంటే, వాళ్లతో మాట్లాడారు, చెప్పేది విన్నారు, చివరికి వాళ్లే వెళ్లిపోయారు. అందరూ దాన్ని ధైర్యం అన్నారు. ధైర్యమే. దానివెనక లోకో షెడ్ల దగ్గర కోపంతో ఉన్న గుంపుల ముందు నిలబడిన పాతికేళ్ల అనుభవం కూడా ఉంది. మరుసటి ఏడాది మార్చి 31న పట్నా స్టేషన్లో ఆయన మీద కాల్పులు జరిగాయి. గుండు తగిలింది ఆయనకు స్వాగతం చెప్పడానికి వచ్చిన ఎల్‌ఐసీ ఉద్యోగి అలీ ఇమామ్‌కు. మళ్లీ రైల్వే ప్లాట్‌ఫామ్ మీదే, ఒక యూనియన్ మనిషే ప్రాణం పోగొట్టుకున్నాడు.

1972 ఎన్నికల్లో రిగ్గింగు జరిగిందంటూ బసు పోలింగు రోజే బరి నుంచి తప్పుకున్నారు. బరానగర్ చేజారింది. పార్టీకి దక్కింది 14 సీట్లు. ఆ 14 మందీ అయిదేళ్లు సభకు వెళ్లలేదు. ఎమర్జెన్సీ వచ్చింది, పోయింది. 1977 జూన్ 21న బసు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. బర్గాదార్ల, అంటే పాలుకు సేద్యం చేసే కౌలు రైతుల, పేర్లు రికార్డుల్లోకెక్కించిన ఆపరేషన్ బర్గా, 1978 పంచాయతీ ఎన్నికలు ఆ ప్రభుత్వపు మంచి పనులు. పేరు రాసుకోవడం, హక్కుకు కాగితం ఇప్పించడం: యూనియన్ ఆఫీసులో మొదలైన పనే పొలం గట్టు మీదికి వచ్చింది.

ఇంకొక సంగతి చెప్పకుండా వదిలేస్తే ఈ మనిషి కథ అబద్ధమవుతుంది. ప్రతిపక్షంలో ఉన్న రోజుల్లో వామపక్షాలు తూర్పు బెంగాల్ శరణార్థులను బెంగాల్‌కు దూరంగా దండకారణ్యానికి తోలవద్దని, ఇక్కడే చోటు చూపమని పోట్లాడాయి. శరణార్థుల కాలనీలే వాళ్లకు కంచుకోటలయ్యాయి. లెఫ్ట్ ఫ్రంట్ గెలిచిందని తెలిసి దండకారణ్యం నుంచి వేలాది దళిత శరణార్థులు వెనక్కొచ్చి సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపి ద్వీపంలో గుడిసెలు వేసుకున్నారు. అది రిజర్వ్ అడవి అంది ప్రభుత్వం. 1979 జనవరిలో ద్వీపాన్ని దిగ్బంధం చేశారు, తిండీ నీళ్లూ అందనివ్వలేదు. కాల్పులు జరిగాయి. మే నెలకల్లా అందరినీ ఖాళీ చేయించారు. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలని వివాదం. తేలిన విషయం ఒకటుంది. వాళ్లు ఎవరి మాట నమ్మి పడవెక్కారో ఆ మనిషి అప్పుడు ముఖ్యమంత్రి. సభ్యుడి ఫిర్యాదు కాగితం చేత్తో పట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లిన కార్యదర్శికి, ఈ ఫిర్యాదు వినపడలేదు. ఆయన మీద ఎంత గౌరవమున్నా దీన్ని నేను క్షమించలేను.

1996 మేలో లోక్‌సభలో ఎవరికీ మెజారిటీ రాలేదు. బెంగాల్ ఫ్రంట్ పేరే పెట్టుకుని జాతీయ స్థాయిలో కూడిన వేరే యునైటెడ్ ఫ్రంట్ నాయకులు ప్రధాని పదవి జ్యోతిబసుకు ఇవ్వజూపారు. ఆ ఫ్రంట్ కన్వీనర్‌గా చంద్రబాబునాయుడు చక్రం తిప్పిన రోజులవి, తెలుగువాళ్లకు బాగా గుర్తే. మార్క్సిస్టు పార్టీ కేంద్ర కమిటీ వద్దంది. మళ్లీ ఆలోచించమంటే మళ్లీ కూర్చుని, మళ్లీ వద్దంది. బసు మైనారిటీలో పడిపోయారు. ప్రధానిగా దేవెగౌడ ప్రమాణం చేశారు. ఏడాది తిరక్కుండా ఒక ఇంటర్వ్యూలో ఆ నిర్ణయాన్ని బసు చారిత్రక తప్పిదం అన్నారు. అనడమైతే అన్నారు గానీ పార్టీని వీడలేదు, వేరే దుకాణం తెరవలేదు. ఓటు పడింది, తీర్మానం రాసుకున్నారు, ఆయన కలకత్తా వెళ్లి సచివాలయమైన రైటర్స్ బిల్డింగ్‌లో తన బల్ల ముందు ఇంకో నాలుగేళ్లు ఫైళ్లు చూసుకున్నారు.